పెట్రోల్ బండికి సీఎన్‌జీ కిట్: బరంపురం నుంచి కోరాపుట్ దాకా తిరిగేవారు ఎలా వేయించుకోవాలి

సీఎన్‌జీ కిట్ అనగానే అందరూ మొదట అడిగేది "ఎంతవుతుంది?" అని. అంతకన్నా ముందు తేలాల్సింది, బండి రోజూ తిరిగే దారిలో గ్యాస్ పంపు తగులుతుందా లేదా అన్నది. ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తిరిగే బండి లెక్క వేరు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు లోపలికి తిరిగే బండి లెక్క వేరు.

పంపు లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. ఒక కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి సుమారు 1.4 నుంచి 1.5 లీటర్ల పెట్రోలుతో సమానం. అందుకే పెట్రోలు మీద లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారు గ్యాస్ మీద కిలోకు 21 దాకా ఇస్తుంది. "కిలోకు 30 గ్యారంటీ" అని కిట్ షాపులో ఎవరైనా అంటే, మీ బండి పెట్రోలు మైలేజీని 1.4తో గుణించి చూడండి. ఆ మాట బరువెంతో అక్కడే తేలిపోతుంది.

లెక్క కోసం పెట్రోలు లీటరు 102 రూపాయలు, గ్యాస్ కిలో 90 రూపాయలు అనుకుందాం. మీరు మాత్రం ఆ రోజు మీ పంపులో ఉన్న ధరలే పెట్టుకోండి. పెట్రోలు మీద కిలోమీటరుకు 6.80 అవుతుంది, గ్యాస్ మీద 4.29. మిగులు రెండున్నర రూపాయలు. గ్యాస్ బండి కూడా పొద్దున్నే పెట్రోలు మీదే స్టార్టవుతుంది కాబట్టి అందులో ఇరవై పైసలు తీసేయండి. 60,000 రూపాయల కిట్ అయితే సుమారు 26,000 కి.మీ. తిరిగాక పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. రోజుకు 100 కి.మీ. తిరిగే ట్యాక్సీకి తొమ్మిది నెలల్లోపు. రోజుకు 40 అయితే ఏడాది తొమ్మిది నెలలు. ఇంటికీ ఆఫీసుకీ 15 కి.మీ. తిరిగే కారుకు నాలుగేళ్లు దాటిపోతుంది. అలాంటి కారుకు కిట్ వద్దు.

ఇక దూరం సంగతి. 60 లీటర్ల సిలిండర్‌లో రోజువారీగా పట్టేది ఎనిమిది కిలోలు. అంటే 168 కి.మీ., ఖర్చు 720 రూపాయలు. పంపు మీ దారిలోనే ఉంటే ఒక్కో ఫిల్లింగుకు సుమారు 420 రూపాయలు మిగులుతుంది. అదే పంపు మీ దారికి 25 కి.మీ. అవతల ఉంటే? పోనూ రానూ 50 కి.మీ. గ్యాస్ తెచ్చుకోడానికే పోయింది. మీ పనికి మిగిలింది 118. అదే 118 పెట్రోలు మీద తిరిగితే 802 రూపాయలు. మిగులు 82 రూపాయలు, దానికోసం గంటన్నర ప్రయాణం, పైన క్యూ. పంపు దూరం పదిహేను కి.మీ. దాటితే, అది మీ రోజువారీ దారిలో లేకపోతే, కిట్ ఆలోచన మానుకోవడమే మంచిది.

పంపు ఎలాంటిదో కూడా కనుక్కోండి. పైపులైను ఉన్న పంపులో ఎప్పుడూ 200 బార్‌కు (బార్ అంటే ప్రెషరు కొలత) దగ్గరగా ఎక్కుతుంది. పైపులైను లేని చోటికి లారీ మీద సిలిండర్ల గుత్తి వస్తుంది, దాన్నే కాస్కేడ్ అంటారు. అది ఖాళీ అయ్యేకొద్దీ ప్రెషరు పడిపోతుంది. ఆఖర్లో క్యూలో నిలబడ్డవాడికి 150 బార్ కూడా ఎక్కదు, మీటరు ఐదారు కిలోల దగ్గర ఆగిపోతుంది. కాస్కేడ్ లారీ ఏ వేళకు వస్తుందో అక్కడి కుర్రాళ్లను అడిగి, అది వచ్చిన గంటలో వెళ్లడం అలవాటు చేసుకోండి.

కొండల మీద, పంపులకు దూరంగా ఉండేవాళ్లు కొత్త కారే కొనేటట్టయితే స్ట్రాంగ్ హైబ్రిడ్ వైపు చూడవచ్చు. హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, సిటీ ఈ:హెచ్‌ఈవీ లాంటివి పెట్రోలు పోసుకుని తమ బ్యాటరీని తామే నింపుకుంటాయి. సాలూరు, కోరాపుట్ మధ్య ఉన్న సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. ఇప్పటికే ఉన్న పాత పెట్రోలు బండి సంగతే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

ఏ బండికి వేయించవచ్చు, దేనికి కూడదు

మల్టీపాయింట్ ఇంజెక్షన్ (ఇంజను సిలిండర్ ఒక్కోదానికి ఒక్కో పెట్రోలు ఇంజెక్టర్) ఉన్న మామూలు పెట్రోలు కారు, పెట్రోలు చిన్న ట్రక్కు, ఇవి సరైనవి. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లకు మామూలు సీక్వెన్షియల్ కిట్ (ఇంజను సిలిండర్లకు వరసగా, ఒక్కోదానికి విడిగా గ్యాస్ ఇచ్చేది) వేయకూడదు. వాటి పెట్రోలు ఇంజెక్టర్ల మూతి మంట మండే గదిలోనే ఉంటుంది. పెట్రోలు పారుతుంటేనే ఆ మూతి చల్లబడుతుంది. గ్యాస్ మీద పెట్రోలు ఆపేస్తే ఇంజెక్టర్లే మాడిపోతాయి. డీజిల్ బండికి ఈ కిట్ అసలు పనికిరాదు. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు, సీఎన్‌జీ ఒత్తిడికి తనంతట తాను అంటుకోదు. 3.5 టన్నుల లోపు డీజిల్ బండికి ఇంజనే మార్చి సీఎన్‌జీ ఇంజను వేయించుకునే వీలు 2022లో కేంద్రం ఇచ్చింది. బీఎస్-6 పెట్రోలు బండ్లకు రెట్రోఫిట్ (తర్వాత కిట్ బిగించుకునే) అనుమతి కూడా అప్పుడే వచ్చింది. కంపెనీ వారంటీలో ఉన్న బండికి బయట కిట్ వేయిస్తే ఇంజను వారంటీ పోతుందన్నది గుర్తుపెట్టుకోండి.

కిట్ షాపుకు వెళ్లేముందు మీ సొంత మెకానిక్ దగ్గర నాలుగు పనులు చేయించండి. కంప్రెషన్, అంటే ఇంజను సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడి, చూపించండి. ఇంజనులోని నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. ఒక సిలిండర్ చచ్చిన బండి పెట్రోలు మీద ఎలాగో లాగుతుంది, గ్యాస్ మీద దగ్గుతుంది. ప్లగ్గులు, హైటెన్షన్ వైర్లు లేదా కాయిళ్లు చూపించండి. గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, బలహీనమైన కాయిల్ పెట్రోలు మీద బయటపడదు. రేడియేటర్ నీళ్ల లీకేజీ ఎక్కడైనా ఉంటే ముందు అది కట్టించండి, ఎందుకో కింద చెబుతాం. వెనక సస్పెన్షన్ చూడండి. ఖాళీ స్టీలు సిలిండరే 60 లీటర్లదైతే 55 నుంచి 65 కిలోలు ఉంటుంది. గ్యాసు, బ్రాకెట్టు, పైపులు అన్నీ కలిపితే ఎప్పుడూ ఒక పెద్దమనిషి డిక్కీలో కూర్చున్నట్టే. సరుకు బండి అయితే అంత బరువు మీ లోడులోంచే పోయినట్టు.

కిట్‌లో ఏమేముండాలి

పాత కార్బురేటర్ రోజుల మిక్సర్ కిట్లు ఇంకా అక్కడక్కడ చవగ్గా అమ్ముతారు. ఇంజెక్షన్ బండికి అది వేస్తే ఒకనాడు ఇన్‌టేక్‌లో మంట వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టర్ పెట్టె పగిలిపోతుంది. సీక్వెన్షియల్ కిట్టే తీసుకోండి. అందులో ఉండేవి: సిలిండర్, దాని మీద చేతితో మూసే వాల్వు, 6 మి.మీ. అతుకులేని స్టీలు పైపు, ఫిల్లింగ్ నాజిల్, ప్రెషరు తగ్గించే రెగ్యులేటర్, లో ప్రెషర్ ఫిల్టర్, ఇంజెక్టర్ రైలు, ప్రెషరు సెన్సారు, గ్యాస్ ఎంత ఇవ్వాలో చూసే చిన్న కంప్యూటర్ (గ్యాస్ ఈసీయూ), డ్యాష్‌బోర్డు మీద లైట్లున్న స్విచ్. రెగ్యులేటర్ పని 200 బార్‌ను రెండు బార్ ప్రాంతానికి దించడం. అంత పెద్ద తగ్గుదలలో గ్యాస్, నీళ్లు గడ్డకట్టేంతగా చల్లబడుతుంది. అందుకే ఇంజను వేడినీళ్లు రెగ్యులేటర్ గుండా తిప్పుతారు. రేడియేటర్ లీకు ముందే కట్టించమన్నది ఇందుకే.

సిలిండర్ దగ్గర ఎవరి మాటా వినకండి, మీ కళ్లతో చూడండి. మెడ దగ్గర ముద్ర గుద్ది ఉంటుంది: సీరియల్ నంబరు, ఐఎస్ 15490 ప్రమాణం, నీటి పరిమాణం లీటర్లలో, పని ప్రెషరు 200 బార్, పరీక్ష చేసిన నెల, సంవత్సరం. ఆ నంబరు, షాపువాడిచ్చే సర్టిఫికెట్‌లోని నంబరు ఒక్కటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా తీసుకోవద్దు. పాత సిలిండర్‌కు కొత్త రంగు కొట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. రంగు కింద ముద్ర పూడిపోయినట్టుంటే, గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తుంటే, అది కొత్తది కాదు. సిలిండర్లకు ఆమోదం ఇచ్చేది నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ. కిట్‌కు టైప్ అప్రూవల్ (ఆ మోడల్ కిట్ పనికొస్తుందన్న ఆమోదం) ఇచ్చేది పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు. ఆ సర్టిఫికెట్ మీ బండి మోడల్‌కు, ఇంజను సామర్థ్యానికి వర్తిస్తుందో లేదో చదివి చూసుకుని, జిరాక్స్ తీసుకోండి. ఆర్టీఓ దగ్గర అదే అడుగుతారు.

కాగితాలు: సరిహద్దులో ఉండేవారికి ప్రత్యేకం

బరంపురంలో కాపురం, బండి మీద ఏపీ-30 లేదా ఏపీ-39 నంబరు. మన వైపు ఇది ఇంటింటి సంగతి. ఇలాంటి బండికి ముందు కిట్ వేయించేసి తర్వాత కాగితాలు చూసుకుందామంటే రెండు రాష్ట్రాల మధ్య తిరగలేక చస్తారు. వేరే రాష్ట్రం బండి ఒకచోట 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది మోటారు వాహనాల చట్టం. కాబట్టి ఒడిశాలోనే ఉండిపోయేవారు ముందు ఆంధ్రా ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, ఇక్కడి పన్ను కట్టి, ఓడీ నంబరు తీసుకోండి. ఆ తర్వాతే కిట్. లోను ఉంటే బ్యాంకు అంగీకార పత్రం కూడా కావాలి.

ఇంధనం మార్పు ఆర్సీలో ఎక్కాలి. 1988 చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం మార్పు చేసిన 14 రోజుల్లోపు, మీరు నివసించే చోటి రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. పరివాహన్ పోర్టల్‌లో వాహన మార్పు సేవ కింద దరఖాస్తు చేసి, బండిని చూపించాలి. వెంట ఉంచుకోవలసినవి: ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, కిట్ బిల్లు, టైప్ అప్రూవల్ నకలు, సిలిండర్ పరీక్ష సర్టిఫికెట్, బిగించిన షాపు ఇచ్చే ఫిట్‌మెంట్ సర్టిఫికెట్. కొన్ని కార్యాలయాలు కిట్ వేయకముందే దరఖాస్తు చేయమంటాయి, ఒకసారి కౌంటర్లో అడిగి వెళ్లండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. పాలసీ మీద ఐఎంటీ-25 అనే ఎండార్స్‌మెంట్ (గ్యాస్ కిట్ ఉందని పాలసీలో చేర్చే మాట) పడాలి. కొంచెం ప్రీమియం పెరుగుతుంది. ఇది లేకుండా ప్రమాదం జరిగితే కిట్ విలువ సంగతి అటుంచి, మొత్తం క్లెయిమే ఇరుకున పడుతుంది.

బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూడాల్సినవి

మంచి షాపులో బిగింపు ఒక పూట పని కాదు, ఒక రోజంతా పడుతుంది. మూడు గంటల్లో ఇచ్చేస్తామనే చోట వదిలేయకండి. మీరు ఉండలేకపోతే బండి సంగతి తెలిసినవాళ్లను ఎవరినైనా నిలబెట్టండి.

మొదట ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, అంటే ఇంజనులోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల గుత్తి. ఇంజెక్టర్ల పైపులు చేరడానికి మ్యానిఫోల్డ్‌కు, ఒక్కో ఇంజను సిలిండర్‌కు ఒక్కో రంధ్రం వేస్తారు. మ్యానిఫోల్డ్‌ను విప్పి బయట పెట్టి రంధ్రం వేయాలి. బండి మీద ఉండగానే డ్రిల్లు పెడితే, ఆ అల్యూమినియం తురుము నేరుగా ఇంజనులోకి పోయి సిలిండర్ గోడలు గీకుతుంది. గ్రీజు రాసి డ్రిల్ చేస్తాం, తురుము అంటుకుంటుంది అంటారు. వినొద్దు, విప్పించండి. రంధ్రం పెట్రోలు ఇంజెక్టర్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. గ్యాస్ ఇంజెక్టర్ నుంచి మ్యానిఫోల్డ్‌కు వచ్చే నాలుగు గొట్టాలూ ఒకే పొడవు ఉండాలి, జానెడు మించకూడదు. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉంటే ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు) బండి వణుకుతుంది. ఆ తర్వాత ఎన్ని ట్యూనింగులు చేసినా ఆ వణుకు పోదు.

రెగ్యులేటర్‌ను ఇంజనుకు కాదు, బాడీకి బిగించాలి. రేడియేటర్ పైమట్టం కన్నా కిందకు ఉండాలి, లేకపోతే అందులో గాలి చిక్కుకుని వేడినీళ్లు తిరగవు. హైప్రెషర్ పైపు రెగ్యులేటర్‌కు చేరేముందు ఒక చుట్ట తిప్పి ఉండాలి. ఇంజను అదురుకు పైపు విరగకుండా ఆ చుట్టే స్ప్రింగులా పనిచేస్తుంది. పైపు కారు కిందుగా వెళ్లాలి, సైలెన్సర్‌కు దూరంగా, సుమారు రెండడుగులకొక క్లిప్పుతో. మనుషులు కూర్చునే చోట దానికి జాయింటు ఉండకూడదు. ఫెర్రూల్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుడుతుంటే ఆపించండి. అవి లోహం లోహాన్ని నొక్కుకుని మూసుకునే జాయింట్లు, టేపు మధ్యలో పడితే తర్వాత లీకే.

సిలిండర్ బ్రాకెట్ కారు అడుగు రేకుకు కాక, బాడీలోని గట్టి దూలానికి (మెంబరుకు) పడాలి. కింద నుంచి పెద్ద వాషర్లో ప్లేట్లో వేయాలి. పట్టీల కింద రబ్బరు ఉండాలి. బిగించాక సిలిండర్‌ను రెండు చేతులతో గట్టిగా ఊపండి. బండి ఊగాలి గానీ సిలిండర్ కదలకూడదు. సిలిండర్ వాల్వును గాలిచొరని సంచిలో మూసి, ఆ సంచి నుంచి లావు గొట్టాలు డిక్కీ అడుగు నుంచి బయటికి తీయాలి. వాల్వు దగ్గర సన్నగా లీకైనా గ్యాసు కారులో కాక బయటికి పోయేది ఈ గొట్టాల వల్లే. చవక షాపుల్లో ముందుగా మానేసేది ఇదే.

వైరింగ్‌లో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు కనిపిస్తే ఒప్పుకోవద్దు. సోల్డర్ చేసి, ముడుచుకునే గొట్టం తొడగాలి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి మెలితిప్పిన రాగి ఆరు నెలల్లో పచ్చగా మారిపోతుంది. ఆ తర్వాత గ్యాస్ ఈసీయూ ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు.

లీకు పరీక్ష

గ్యాస్ నింపాక షాపు గుమ్మం దాటకముందే ఇది చేయించండి. గిన్నెలో నీళ్లు, చారెడు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, పెయింటు బ్రష్షు చాలు. సిలిండర్ వాల్వు, పైపు ప్రతి జాయింటు, ఫిల్లింగ్ నాజిల్, రెగ్యులేటర్ చుట్టూ నురగ రాసి నిమిషం పాటు కదలకుండా చూడండి. పెద్ద బుడగ వెంటనే కనిపిస్తుంది. ప్రమాదమంతా చిన్నదానితోనే. సన్నటి తెల్లటి నురుగు మెల్లగా పేరుకుంటుంటే అది కూడా లీకే. అగ్గిపుల్లతో చూసేవాడి దగ్గర ఒక్క క్షణం కూడా ఉండొద్దు. జాయింటు ప్రెషరులో ఉండగా బిగించనివ్వకండి. వాల్వు మూసి, పైపులో గ్యాస్ ఖాళీ చేశాకే పాన పట్టాలి.

సీఎన్‌జీ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. వంటగ్యాస్ బరువు, నేలను పట్టుకుంటుంది. అందుకే మూసిన గ్యారేజీలో సీఎన్‌జీ బండి పెట్టేవాళ్లు పైకప్పు దగ్గర గాలి పోయే కన్నం ఉందో లేదో చూసుకోవాలి.

ట్యూనింగ్: ఇక్కడే అసలు తేడా

బిగింపు బాగున్నా ట్యూనింగ్ సగంలో వదిలేసిన బండ్లే ఎక్కువ. ల్యాప్‌టాప్ పెట్టి ఐడిలింగ్‌లో ఆటో క్యాలిబ్రేషన్ (గ్యాస్ కొలత దానంతట అదే సర్దుకోవడం) నొక్కి, "అయిపోయింది" అంటారు. అది ఆరంభం మాత్రమే.

ఇంజను పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి ఆటో క్యాలిబ్రేషన్ చేయాలి. తర్వాత ల్యాప్‌టాప్‌తోనే రోడ్డెక్కాలి. బండి ఓబీడీ సాకెట్‌కు స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. అది బండి సొంత కంప్యూటర్ "గ్యాస్ తక్కువైంది, ఇంకొంచెం ఇవ్వు" లేదా "ఎక్కువైంది, తగ్గించు" అని చేస్తున్న సర్దుబాటు. పెట్రోలు మీద ఎంత ఉందో రాసుకుని, గ్యాస్ మీద అదే రోడ్డు, అదే వేగంలో మళ్లీ చూడాలి. రెండింటి మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే భేష్, 10 దాటితే ఒప్పుకోకండి. ఐడిలింగ్‌లో ఒకసారి, మూడో గేరులో 2,500 ఆర్‌పీఎం వద్ద ఒకసారి, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒకసారి, మూడు చోట్లా చూడాలి. ఆఖరిదే అందరూ మరిచిపోయేది. సమతలం మీద చక్కగా ఉన్న బండికి లోడుతో ఎత్తెక్కేటప్పుడు గ్యాస్ చాలక మిశ్రమం పలచబడుతుంది. పలచటి మంటకు ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి. ఏడాది తర్వాత కంప్రెషన్ పోయాక "సీఎన్‌జీ ఇంజను తినేసింది" అంటారు. తిన్నది ట్యూనింగ్.

సీఎన్‌జీ మంట పెట్రోలు కన్నా నిదానంగా పాకుతుంది. అందుకే కొన్ని బండ్లకు స్పార్క్ ముందుగా ఇచ్చే టైమింగ్ అడ్వాన్సర్ వేస్తే లాగుడు బాగుంటుంది. మీ బండికి అవసరమా అన్నది లాగుడు చూసి తేల్చుకోండి, అందరికీ అక్కర్లేదు. ప్లగ్గు గ్యాపు 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య పెట్టించండి. ఇరీడియం ప్లగ్గు అయితే మొన దగ్గర పాన పెట్టి వంచనివ్వకండి, విరుగుతుంది.

రెగ్యులేటర్ ఎంత వేడెక్కాక బండి పెట్రోలు నుంచి గ్యాస్‌కు మారాలో ఆ ఉష్ణోగ్రత 35 నుంచి 40 డిగ్రీలు పెట్టించండి. తొందరగా మారాలని 20 పెట్టిస్తే కోరాపుట్ చలికాలం పొద్దున రెగ్యులేటర్ గడ్డకట్టి బండి మధ్యదారిలో ఆగుతుంది.

ఘాట్ మీద

గ్యాస్ మీద ఇంజను బలం సుమారు 10 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఇంజను సిలిండర్‌లో గాలికి దక్కాల్సిన చోటు కొంత గ్యాసు ఆక్రమిస్తుంది. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ప్రాంతంలో ఉంది. ఆ ఎత్తులో పలచటి గాలికి ఇంకో 8, 9 శాతం పోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురు మనుషులు, సామాన్లతో ఉంటే, ఘాట్ మొదలవకముందే స్విచ్ నొక్కి పెట్రోలు మీదకు మార్చుకోండి. మలుపు మధ్యలో, సగం క్లచ్‌లో మార్చకండి. దిగేటప్పుడు మళ్లీ గ్యాస్. ఎక్కేటప్పుడు దాచిన పెట్రోలుకు మించి ఇంజను ఖర్చు పెట్టుకోవడం తెలివి కాదు.

పంపు దగ్గర

ఇంజను ఆపి, మనుషులందరూ దిగాలి, ముసలివాళ్లూ పిల్లలతో సహా. డిక్కీలో సిలిండర్ కాబట్టి పంపువాళ్లు డిక్కీ తెరిచి కంప్లయన్స్ ప్లేటు (సిలిండర్ పరీక్ష ఎప్పటిదాకా చెల్లుతుందో ఉండే రేకు) మీద తేదీ చూస్తారు. అది దాటితే నింపరు. మధ్యాహ్నం ఎండలో నింపితే గ్యాస్ వేడెక్కి మీటరు 200 బార్ చూపిస్తుంది, చల్లారాక 180 అవుతుంది. పొద్దున్న నింపుకోండి. ఈ కారణానే ఒక ఫిల్లింగుతో మైలేజీ తేల్చకూడదు. ఐదు ఫిల్లింగుల కిలోలు, కిలోమీటర్లు కలిపి సగటు తీయండి. బండి బయలుదేరేముందు ఫిల్లింగ్ నాజిల్‌కు రబ్బరు మూత పెట్టారో లేదో చూడండి. దుమ్ము పోతే లోపలి చెక్ వాల్వు కారడం మొదలవుతుంది.

పెట్రోలు ట్యాంకులో ఎప్పుడూ పావు వంతు తక్కువ కానివ్వకండి. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ట్యాంకు ఎండిపోతే పంపు కాలుతుంది. వారానికోసారి పది కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి, లేకపోతే పెట్రోలు ఇంజెక్టర్లు జిగురు పట్టి, గ్యాస్ అయిపోయిన రోజు మొరాయిస్తాయి.

తేడా చేస్తే ఎక్కడ వెతకాలి

రెగ్యులేటర్ మీద మంచు పట్టింది అంటే వేడినీళ్లు తిరగడం లేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయి, లేదా గాలి చిక్కింది. ఇంజను చల్లారాక మూత తీసి చూడండి, మామూలు నీళ్లు కాకుండా కూలెంట్ కలిపే పోయండి.

ఎత్తెక్కేటప్పుడు మాత్రం బీప్ అని పెట్రోలుకు మారిపోతుంటే లో ప్రెషర్ ఫిల్టర్ మూసుకుపోయినట్టు, లేదా సిలిండర్ వాల్వు సగమే తెరిచి ఉన్నట్టు. ఫిల్టర్ ఒకటి కోసి చూస్తే నల్లటి నూనె జిగురు కనిపిస్తుంది. అది పంపు కంప్రెసర్ నుంచి వచ్చిన నూనె. ఫిల్టర్‌ను 15,000 కి.మీ.కు ఒకసారి మార్చండి, అదే రోజు రెగ్యులేటర్ అడుగున ఉన్న బోల్టు విప్పి నూనె కార్పించండి.

చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్‌లో పీ0171 వస్తే గ్యాస్ తక్కువైంది, పీ0172 అయితే ఎక్కువైంది, పీ0300 అయితే మంట తప్పుతోంది. పీ0300కు ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి, నేరుగా ఇంజెక్టర్లు మార్పించకండి. సగం సార్లు ప్లగ్గుతోనే సరిపోతుంది. మారేటప్పుడు జర్కు వస్తుంటే మారే ఉష్ణోగ్రత, ఆ తర్వాత గ్యాస్ ఇంజెక్టర్ గొట్టాలు. పెట్రోలు తెగ తాగుతోంది అని ఫిర్యాదు ఉంటే మీ ప్రయాణాల పొడవు చూసుకోండి. బజారుకు రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపే బండి, ఇంజను వేడెక్కకముందే ఆగిపోయి, ఎప్పటికీ గ్యాస్‌కు మారదు. అది కిట్ తప్పు కాదు.

బండిలో కుళ్లిన వాసన వస్తే అది గ్యాస్ లీకే అనుకుని లోపల స్విచ్చులేవీ నొక్కకండి, సెల్ఫ్ అసలే వేయకండి. దిగి, డిక్కీ, తలుపులు తెరిచి, సిలిండర్ వాల్వు చేత్తో మూసేయండి. ఆ వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, ఇంట్లోవాళ్లకు కూడా, ఖాళీగా ఉన్నప్పుడే చూపించి ఉంచండి. పౌడర్ మంటలార్పే సీసా ఒకటి డ్రైవరు సీటు కింద ఉండాలి, డిక్కీలో సిలిండర్ పక్కన పెడితే అవసరానికి అందదు.

మూడేళ్లకొక హైడ్రో టెస్ట్

బండికి బిగించిన సిలిండర్‌ను మూడేళ్లకోసారి ఆమోదిత కేంద్రంలో నీటి ప్రెషరు పరీక్ష చేయించి, కంప్లయన్స్ ప్లేటు కొత్తది వేయించాలి. తేదీకి నెల ముందే మొదలుపెట్టండి. మీ ఊళ్లో అలాంటి కేంద్రం లేకపోతే సిలిండర్ విప్పి భువనేశ్వర్‌కో విశాఖకో పంపాలి, వారం పది రోజులు పోతాయి. ట్యాక్సీ నడిపేవారు ఒడిశా రథయాత్ర, ఆంధ్రా సంక్రాంతి రద్దీకి ముందు రాకుండా తేదీ చూసుకోండి. విప్పేముందు గ్యాస్‌ను నడిపి ఖాళీ చేయండి, గాలిలోకి వదిలించకండి. తిరిగొచ్చిన సిలిండర్ మీద సీరియల్ నంబరు మీదేనా అని పాత సర్టిఫికెట్‌తో పోల్చి చూసుకున్నాకే బిగించనివ్వండి. బిగించాక మళ్లీ గిన్నె, సబ్బు నీళ్లు, బ్రష్షు తీయండి.